కడలి ఆవుల మేతబీడు

క్షీరసాగరం చిలికినప్పుడు ఐరావతం పుట్టిందనీ, కామధేనువు పుట్టిందనీ చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. సముద్రానికీ, ఏనుగుకూ, ఆవుకూ ఏమిటి చుట్టరికం అని ఎవరమూ అడగం. అడిగితే పురాణం చెప్పే ఆయన ఊరుకోడు. కాని ఏనుగుకు దాయాది అయి, ఆవులాగా గడ్డి మేస్తూ, సముద్రంలోనే పుట్టి సముద్రంలోనే కన్నుమూసే జంతువొకటి నిజంగానే ఉంది. అది మనకు అట్టే దూరాన కూడా లేదు. రామేశ్వరం వెళ్ళి, ధనుష్కోటిలో మునిగి వచ్చిన తెలుగువారు లక్షల మీద ఉంటారు. పాంబన్ వంతెన మీద రైలు కిటికీలోంచి వాళ్ళు చూసి చేతులు జోడించిన ఆ నీళ్ళే దాని కాపురం. ఇంగ్లీషువారు డుగాంగ్ అంటారు. తమిళులు 'కడల్ పసు' అనీ, 'ఆవుళియా' అనీ అంటారు. మనం కడలి ఆవు అందాం.

నాకు జంతుశాస్త్రంతో ఏమీ సంబంధం లేదు. కళాశాలలో ప్రబంధాలు పాఠం చెప్పుకునేవాణ్ణి. కిందటి ఫిబ్రవరిలో తంజావూరు వెళ్ళాను, సరస్వతీ మహలు గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు చూద్దామని. నాయకరాజుల కాలంలో అక్కడికి వలస వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబమొకటి నాకు ఆతిథ్యం ఇచ్చింది. ఆ ఇంటి యజమాని విశ్రాంత ఉపాధ్యాయుడు. నాకంటే పెద్దవాడే అయినా నన్ను 'అణ్ణా' అనే పిలుస్తాడు. వాళ్ళ తెలుగు వింటూ కూర్చుంటే నాకు పొద్దే తెలియదు.

"ఆకులు చూసింది చాలు అణ్ణా. రేపు మనోరాకి పోదాం. ఆడ సముద్రంలో ఆవు మేసే బీడు ఉండాది" అన్నాడాయన మూడోరోజు రాత్రి భోజనాల దగ్గర.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

సర్ఫోజీ గోపురం

తంజావూరు నుంచి పట్టుకోట్టై మీదుగా సముద్రతీరానికి అరవై కిలోమీటర్ల పైచిలుకు. దారి పొడుగునా కావేరి కాలువలూ, వరి చేలూ, ఆ తరువాత కొబ్బరి తోటలూను. కోనసీమలో పుట్టినవాడికి అదంతా సొంత ఊరులాగే ఉంటుంది. కొబ్బరి తోటలు అయిపోగానే హఠాత్తుగా సముద్రమూ, దాని ఒడ్డున ఆరు పలకల గోపురమూ కనిపిస్తాయి. అదే మనోరా. 'మినారు' అన్న మాటే జనం నోట్లో నలిగి మనోరా అయింది. తంజావూరు మరాఠా ప్రభువు రెండవ సర్ఫోజీ దీన్ని 1814లో ఇంగ్లీషువారు నెపోలియన్ మీద గెలిచినందుకు గుర్తుగా కట్టించాడు. ఎక్కడి నెపోలియన్, ఎక్కడి పట్టుకోట్టై! చిన్న చిన్న అంతస్తులు ఎనిమిది. అక్కడి శిలాశాసనాల్లో మన తెలుగు కూడా ఉంది. మరాఠీ ప్రభువులు తెలుగులో యక్షగానాలు రాసిన రాజ్యం గదా మరి!

ఆ గోపురం ముందున్నదే పాక్ అఖాతం. మన విశాఖపట్నం సముద్రాన్నో, బందరు సముద్రాన్నో ఎరిగినవాడికి ఇది సముద్రంలాగా తోచదు. ఎదురుగా సింహళం అడ్డు, దక్షిణాన రామసేతువు అడ్డు. లోతు తక్కువ. పెద్ద చెరువు మీద లేచినట్టు చిన్న చిన్న అలలు. ఈశాన్య రుతుపవనాలు వెళ్ళిపోయాక నీరు తేరుకుంటుంది. ఆ తేరిన నీటి అడుగున ఎండ సోకినంత మేరా గడ్డి పెరుగుతుంది.

మిత్రుడు ముందే మాట్లాడి ఉంచిన ముసలి జాలరి మమ్మల్ని తన పడవలో తీసుకువెళ్ళాడు. కొంతదూరం పోయాక మోటారు ఆపి, గడ వేసి తోశాడు. ఒడ్డు సన్నని గీతలాగా కనిపించేంత దూరం వచ్చినా లోతు నిలువెడు కూడా లేదు. "వంగి చూడండి వాధ్యారయ్యా" అన్నాడు.

వంగి చూశాను. నీటి అడుగున పచ్చిక. కొంతచోట నారుమడి అంత ఒత్తుగానూ, కొంతచోట పలచగానూ, నీటి కదలికకు ఒకవైపు వాలి మళ్ళీ లేస్తోంది. నాచు కాదది. నాచుకు వేరుండదు, పువ్వుండదు. ఇది అసలైన మొక్క. వేళ్ళు ఇసుకలోకి దింపుకుని, నీళ్ళలోనే పూసి, నీళ్ళలోనే పుప్పొడి కలిపి, నీళ్ళలోనే గింజ కడుతుంది. ఏనాడో నేల మీద పెరిగిన మొక్కల సంతతి మళ్ళీ సముద్రానికి మళ్ళగా పుట్టిన జాతి ఇది అంటారు శాస్త్రజ్ఞులు.

ఆ పచ్చిక మధ్యలో జానెడు వెడల్పున బోసిగా ఒక చార కనిపించింది. బారుల పొడుగున వంకర తిరిగి పోయింది. దాని పక్కన మరొకటి, ఆ పక్కన ఇంకొకటి. తొలకరిలో నాగటి చాళ్ళు చూసినట్టే ఉంది.

"మేసి పోయింది" అన్నాడు ముసలాయన. అంత మెల్లగా ఎందుకన్నాడో ఆ క్షణంలో నాకు తెలియలేదు. చుట్టుపక్కల ఎక్కడో అది ఉండవచ్చు గదా అన్నది ఆయన ఆలోచన. గంటసేపు కదలకుండా కూర్చున్నాం. ఏదీ తేలలేదు. అందుకు నాకు నిరాశ కలగలేదు. గుళ్ళో దేవుడు కనిపించకపోయినా పాదముద్రలు చూసి తృప్తిపడే జాతివాళ్ళం మనం.

ఆవూ కాదు, చేపా కాదు

ఇహ ఆ జంతువు సంగతి చెబుతాను. పెరిగిన కడలి ఆవు మూడు మీటర్ల దాకా పొడుగుంటుంది. నాలుగైదు బస్తాల బియ్యమంత బరువు తూగుతుంది. ఒళ్ళు బూడిదరంగు, తోక తిమింగిలం తోకలాగా రెండుగా చీలి ఉంటుంది. ముందు రెండు చేతుల్లాంటి తెడ్లు. మూతి కిందికి వాలి, మొద్దుగా, గట్టి రోమాలతో ఉంటుంది. ఆ మూతితోనే గడ్డిని వేళ్ళతో సహా పెకలిస్తుంది. అందుకే ఆ చాళ్ళు. రోజుకు నలభై కిలోల వరకూ మేస్తుందట. ఆవు అన్నామే గాని నెమరు వెయ్యదు. తిన్నదంతా గుర్రానికిలాగా వెనకపేగుల్లో మురిగి అరుగుతుంది. ఎముకలు బరువైనవి గనక అడుగున నిలకడగా ఉండి మేయగలుగుతుంది.

చూపు అంతంతమాత్రం. చెవి మాత్రం చురుకు. పిట్టల్లాగా కిచకిచమని ఒకదాన్నొకటి పలకరించుకుంటాయని చెబుతారు. అంత బండ శరీరంలోంచి అంత సన్నని గొంతు!

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇది చేప కాదు, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. నాలుగైదు నిమిషాలకొకసారి పైకి వచ్చి, ముక్కుపుటాలు తెరచి, గాలి పీల్చుకుని మళ్ళీ మునుగుతుంది. అంచేత చేప వలలో పడితే ఒడ్డుకు లాగిన తరువాత చస్తుంది. కడలి ఆవు వలలో చిక్కితే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. వేటగాడు చంపనక్కరలేదు, వల చాలు.

ఏనుగుతో దాయాదితనం అన్నాను. అది అలంకారం కాదు. ఇప్పుడు బ్రతికి ఉన్న జంతువులన్నిటిలోనూ దీనికి దగ్గరి చుట్టాల్లో ఏనుగు ఒకటి. మగవాటికి చిన్న దంతాలు కూడా బయటికి వస్తాయి. ఆడదానికి పాలిండ్లు ఆవుకులాగా పొత్తికడుపు దగ్గర కాక, ఏనుగుకులాగా ముందుకాళ్ళ మూలాన ఉంటాయి. ఒక్కటే దూడ. పదమూడు నెలలకు పైగా మోసి కంటుంది. పుట్టిన దూడ తల్లి వీపు చాటున ఈదుతూ ఏడాదిన్నర దాకా పాలు తాగుతుంది. మళ్ళీ ఈనడానికి మూడేళ్ళు పట్టవచ్చు, ఏడేళ్ళు పట్టవచ్చు. తొలిచూలు మోసేసరికి దానికి ఆరేళ్ళ నుంచి పదిహేడేళ్ళ వరకూ నిండుతాయి. బ్రతికితే డెబ్బై ఏళ్ళు బ్రతుకుతుంది. ఇంచుమించు మన ఆయుర్దాయమే.

మత్స్యకన్యలూ, మాంసం తూకాలూ

సముద్రం మీద నెలల తరబడి ఆడమనిషి ముఖం ఎరుగని నావికులు దూరాన నీళ్ళలో తేలిన దీన్నీ, దీని జ్ఞాతి అయిన మనాటీనీ చూసి మత్స్యకన్యలని భ్రమపడ్డారంటారు. కొలంబస్ 1493 జనవరిలో మూడు మత్స్యకన్యలను చూశాననీ, బొమ్మల్లో వేసినంత అందగత్తెలు కారనీ రాసుకున్నాడు. అవి మనాటీలు. శాస్త్రజ్ఞులు ఈ కుటుంబానికి పెట్టిన పేరు కూడా గ్రీకుపురాణాల్లో పాటపాడి నావికులను ముంచిన 'సైరన్'ల పేరే.

కన్య అని మురిసినవాళ్ళు కరుణ చూపించారా అంటే, అదీ లేదు. 1741లో బేరింగ్ దండు ఓడ ఉత్తర పసిఫిక్ లో ఒక నిర్జన ద్వీపానికి తగిలింది. అందులోని వైద్యుడు స్టెల్లర్ అక్కడ ఇంతకుముందు ఎవరూ వర్ణించని పెద్ద కడలి ఆవును చూశాడు. మనదానికి రెండు మూడింతల పొడుగు. ఆడదాన్ని చంపి ఒడ్డుకు లాగితే, మగది రెండురోజులు వరసగా ఒడ్డు దాకా వచ్చి దానికోసం చూసిందని ఆయనే రాశాడు. ఉన్నిజంతువుల వేటకు ఆ దారిన పోయే ఓడలవాళ్ళకు దాని మాంసం దారిబత్తెమయింది. 1768 నాటికి ఆ జాతిలో ఒక్కటి మిగలలేదు. మనిషి కంటపడ్డ ఇరవై ఏడేళ్ళలో అంతరించిపోయింది! ఇప్పుడు ఆ కుటుంబంలో లోకమంతా గాలించినా మనాటీలు మూడు రకాలూ, మన కడలి ఆవు ఒకటీ, అంతే.

మన తీరంలోనూ దీన్ని తినేవారు. మాంసం ఒంటికి చలవ అని ఒక నమ్మకం, మొగతనానికి మందని ఇంకొక నమ్మకం. కొవ్వు కరిగించి చెక్క పడవలకు పూసేవారు. తూర్పు దీవుల్లో దీని కన్నీరు వశీకరణం మందుగా అమ్మారట. ఏడవడానికి కూడా స్వేచ్ఛ లేని జంతువు!

"మా చిన్నప్పుడు తూకం వేసి అమ్మేవాళ్ళు. ఒక ఆవుళియా పడితే ఊరంతటికీ పండగే. తప్పని ఎవరూ అనుకోలేదు. చేపలాగే అదీ అనుకున్నాం" అన్నాడు ముసలి జాలరి.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం దీన్ని మొదటి షెడ్యూలులో, పులీ ఏనుగుల సరసన పెట్టింది. చంపితే జైలు. అయినా చాటుమాటుగా కొన్నాళ్ళు సాగుతూనే వచ్చింది. తరువాత తరువాత కత్తికంటె పెద్ద శత్రువులు వచ్చాయి.

మనోరా నుంచి రామనాథపురం మీదుగా మండపం వెళ్ళాను. 1947లో పుట్టిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తొలినాళ్ళలో ఉన్నది అక్కడే. ప్రధాన కార్యాలయం తరువాత కొచ్చికి మారింది. ఆ సంస్థకు చెందిన ఎస్. జోన్స్ గారు అక్కడ పెంపకంలో ఉన్న ఒక జంట కడలి ఆవులను గురించి 1959లోనే శాస్త్రవ్యాసం ప్రకటించారు. మన దేశంలో దీని బ్రతుకు దగ్గరనుంచి గమనించినవారిలో ఆయన ముఖ్యులు.

లెక్క

నేడు మన దేశంలో కడలి ఆవులున్నవి మూడు చోట్ల. తమిళనాట పాక్ అఖాతమూ మన్నారు సింధుశాఖా, గుజరాతులో కచ్ సింధుశాఖా, అండమాన్ నికోబార్ దీవులూను. అండమాన్ లో దీన్ని రాష్ట్ర జంతువుగా గౌరవించారు. పోర్టు బ్లెయిరులో స్థిరపడిన మన శ్రీకాకుళం, విశాఖ జాలరి కుటుంబాలకు ఈ జంతువు కొత్తకాదు. అబూ ధాబీలో పనిచేస్తున్న మన పిల్లలకు బహుశా తెలియదుగాని, ఆస్ట్రేలియా తరువాత ఇవి ఎక్కువగా ఉన్నది ఆ అరబ్బు తీరపు నీళ్ళలోనే, వేల సంఖ్యలో. చైనా తీరంలో మాత్రం ఇక లేనట్టేనని 2022లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

మన దేశం మొత్తం మీద ఎన్ని? రెండు, రెండున్నర వందలని అంచనా. మన ఊళ్ళల్లో ఒక పెళ్ళిపందిట్లో భోజనానికి కూర్చునేవాళ్ళు ఇంతకంటె ఎక్కువమంది.

ఇప్పుడొక చిన్న లెక్క వేసుకుందాం. మేత దండిగా ఉండి, ఏ ఆపదా రాకపోతే కూడా ఈ జాతి ఏడాదికి నూటికి అయిదు కంటె పెరగదని శాస్త్రజ్ఞులు కట్టిన లెక్క. రెండు వందలకు పది. అంటే మూడు తీరాల్లోనూ కలిపి ఏడాదికి పది తలకాయలు వలల్లో పడి పోతే, ఎంత మంచి కాలంలోనైనా మంద పెరగదు. పదకొండు పోతే తరగడం మొదలవుతుంది. ఆ పోయినవాటిలో ఈనే ఆడవి ఉంటే నష్టం మరింత. కోళ్ళకూ, మేకలకూ ఈ లెక్క వర్తించదు. ఏడేళ్ళకొక దూడ ఈనే జంతువుకు ఒక్కొక్క ప్రాణమూ లెక్కే.

ఇహ మేత. మరబోట్లు అడుగున ఈడ్చే వల బీడును గొర్రు తోలినట్టు తోలేస్తుంది. కాలువల మురుగూ, రొయ్యల చెరువుల మురుగూ చేరి నీళ్ళు మకిలపడితే ఎండ అడుక్కు చేరదు, గడ్డి చచ్చిపోతుంది. గడ్డి పోతే ఆవొక్కటే కాదు పోయేది. రొయ్యపిల్లా, పీతపిల్లా, చేపపిల్లా పెరిగేది ఆ గడ్డి చాటునే. దాని వేళ్ళే అడుగుమట్టిని పట్టి ఉంచుతాయి. ఆవు మేసి పోయినచోట మళ్ళీ లేత గడ్డి చిగురిస్తుంది. అందుచేత ఆ బీడు జాలరివాడి పొలం కూడాను, ఈ ఆవు దాన్ని దున్నిపెట్టే పాలికాపు.

ఇదంతా గ్రహించే 2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం తంజావూరు, పుదుక్కోట్టై జిల్లాల తీరాన పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల నీటిని కడలి ఆవుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. మన దేశంలో ఇటువంటిది ఇదే మొదటిది. మనోరా ముందు నేను చూసిన బీడు అందులోదే. జాలర్లను వెళ్ళగొట్టి కంచె వేసే అడవి కాదది. వాళ్ళ వేట వాళ్ళు చేసుకుంటూనే, ఆవును కాపాడాలన్నది ఉద్దేశం. కాగితం మీద మంచిమాటే. కాని సముద్రం మీద అర్ధరాత్రి కాగితం ఉండదు. చీకటీ, వలా, వల వేసిన మనిషీ ఉంటారు.

వల కోసిన రాత్రి

తిరిగి ఒడ్డుకు వస్తూ ఉండగా ముసలాయన తన సంగతి చెప్పాడు. మిత్రుడు తెనిగించాడు గాని, చాలామటుకు నాకే అర్థమయింది.

రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున తెరలాగా నీళ్ళల్లో నిలబెట్టిన వల తీస్తున్నారట, తానూ మనవడూ. వల బరువెక్కింది. మంచి చేపలగుంపు పడిందనుకుని సంతోషించారు. దీపం వేసి చూస్తే ఆవుళియా. మెడకూ, తెడ్లకూ వల చుట్టుకుంది. పైకి రాబోతుంది, వల కిందికి లాగుతుంది. ముక్కు నీటిమట్టానికి జానెడు దూరంలో ఆగిపోతోంది.

"మెల్లగా విప్పుదామంటే వ్యవధి లేదు వాధ్యారయ్యా. దానికి ఊపిరి చాలదు. కత్తి తీశాను. మనవడు 'తాతా, వల అప్పు ఇంకా తీరలేదు' అన్నాడు. నిజమే, తీరలేదు."

"మరి?"

"కోశాను. నిలువునా ఇంత మేర. మీరు లోంచి నడిచిపోవచ్చు. అది తలెత్తి బుస్సుమని ఊపిరి తీసింది. నా ముఖమంతా తడిసింది. మళ్ళీ మునిగి పోయింది, అంతే."

మనవడు ఆ కాస్తా చరవాణిలో పట్టాడట. చిక్కిన కడలి ఆవును విడిచిపెట్టిన జాలర్లకు బహుమానం ఇచ్చే ఏర్పాటు ఇప్పుడుంది. దానికి ఆ బొమ్మలే సాక్ష్యం. ఈయనకూ బహుమానం వచ్చింది. సభలో పేరు పిలిచి శాలువా కప్పారు.

"బహుమానం వల ఖరీదుకు సరిపోయిందా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "సరిపోలేదు. కోడలూ నేనూ నాలుగురోజులు కూర్చుని వల అల్లుకున్నాం. ఆ నాలుగురోజులూ పొయ్యిలోకి అప్పే."

"అయినా మళ్ళీ పడితే కోస్తారా?"

ఈ ప్రశ్నకు ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. గడ తీసి పడవలో పెట్టి, మోటారు వెయ్యబోతూ ఆగి, "నేను కోస్తాను. వాడు కొయ్యాలంటే మాత్రం వల అప్పు తీరి ఉండాలి" అన్నాడు మనవడి వంక చూపిస్తూ. కుర్రవాడు తల వంచుకుని తాడు చుట్టుకుంటున్నాడు.

మనోరాలో కడలి ఆవుల కోసం అంతర్జాతీయ సంరక్షణ కేంద్రం నెలకొల్పుతామని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. అది లేవాలి. అందులో బొమ్మలూ, ఉపన్యాసాలూ, బడిపిల్లల సందడీ ఉండాలి. వాటితోబాటు తెగిన వలకు పూర్తి ఖరీదు, అల్లుకున్న నాలుగురోజులకు కూలి కూడా లెక్కకట్టి ఇచ్చే గుమాస్తా ఒకడు ఉంటే, ఆ రెండు వందల ఆవులకూ అంతకంటె పెద్ద కాపు మరొకటి అక్కరలేదని నాకు తోచింది. తంజావూరు వెళ్ళేవారు పెద్దగుడి చూసి తిరిగి రాకుండా మరొక్కపూట కేటాయించుకుని మనోరా దాకా వెళ్ళి రండి. పిల్లలను కూడా తీసుకువెళ్ళండి. ఆవు కనిపించకపోవచ్చు. నీళ్ళు తేరి ఉండి, పడవవాడు మంచివాడయితే, దాని చాళ్ళు కనిపిస్తాయి.